ఎక్సోమ్ రిపోర్టులో ఒక్క మార్పే దొరికితే: అరుదైన వంశపారంపర్య జబ్బుకు కారణం ఎలా పట్టుకుంటారు?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో న్యూరాలజీ డాక్టరు గది బయట కూర్చున్నవారి చేతుల్లో ఈమధ్య ఒక కొత్త కాగితం కనిపిస్తోంది. అది ఎక్సోమ్ సీక్వెన్సింగ్ రిపోర్టు, అంటే జన్యువుల్లో మార్పులు వెతికే పరీక్ష ఫలితం. మొదటి పేజీలో చిన్న పట్టిక ఉంటుంది. జన్యువు పేరు, అందులో వచ్చిన మార్పు, అది ఒక కాపీలోనే ఉందా రెండింటిలోనూ ఉందా, ఆ మార్పు ఏ వర్గంలోకి వస్తుంది అన్న వివరాలు అందులో రాస్తారు. తర్వాతి పేజీలన్నీ సాంకేతిక వివరాలే. చదివిన కుటుంబానికి వచ్చే సందేహం ఒక్కటే: "ఇంతకీ జబ్బు ఉన్నట్టా, లేనట్టా?"

షుగరు పరీక్షలాగా అంకె చూసి చెప్పేయగలిగిన రిపోర్టు కాదిది. ఇందులోని ప్రతి వరుస వెనుకా కొన్ని సాక్ష్యాలుంటాయి. వాటిలో కొన్ని గట్టివి, కొన్ని బలహీనమైనవి. ఆ సాక్ష్యాల్లో సగం ల్యాబ్‌లో పుట్టవు. రోగిని పరీక్షించిన డాక్టరు రాసిన నాలుగు వాక్యాల నుంచి, అమ్మమ్మల నానమ్మల నాటి చుట్టరికాల నుంచి, తల్లిదండ్రుల రక్తం నుంచి వస్తాయి. అందుకే ఈ వెతుకులాట మొదటి నుంచి చివరిదాకా ఎలా సాగుతుందో ఒకే జబ్బును ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం.

ముందు నాలుగు మాటలు

మన ప్రతి కణంలోనూ డీఎన్ఏ రెండు సెట్లుగా ఉంటుంది, ఒకటి అమ్మ ఇచ్చింది, ఇంకొకటి నాన్న ఇచ్చింది. ఒక్కో సెట్టులో దాదాపు 300 కోట్ల అక్షరాలు, 20 వేల దాకా ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు ఉంటాయి. ఆ జన్యువుల్లో ప్రొటీన్‌గా మారే భాగాలన్నిటినీ కలిపి ఎక్సోమ్ అంటారు. మొత్తం డీఎన్ఏలో అది ఒకటి రెండు శాతమే అయినా, ఇప్పటిదాకా తెలిసిన జబ్బు మార్పుల్లో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి.

వేరియంట్ అంటే ప్రామాణిక డీఎన్ఏతో పోల్చినప్పుడు మన దగ్గర తేడాగా ఉన్న అక్షరం. తేడాలన్నీ జబ్బులు కావు. ఒక మనిషి మొత్తం జీనోమ్ చదివితే 40, 50 లక్షల తేడాలు కనిపిస్తాయి, వాటిలో దాదాపు అన్నీ నిరపాయకరమైనవే.

ఒకే కాపీ చెడినా వచ్చే జబ్బును డామినెంట్ అని, రెండు కాపీలూ చెడితేనే వచ్చేదాన్ని రిసెసివ్ అని అంటారు. రిసెసివ్ జబ్బులో ఒక కాపీ చెడి ఒకటి బాగున్నవారు క్యారియర్లు. వాళ్లకు జబ్బు ఉండదు, ఉందన్న అనుమానం కూడా రాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. "మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి ఇంక ముగ్గురికి రాదు" అనుకోవడం మన దగ్గర చాలా ఇళ్లలో వినిపించే పొరపాటు. లెక్క ప్రతి కాన్పుకూ మళ్లీ మొదటి నుంచే.

ఉదాహరణకు ఒక కుటుంబం

తెనాలి వైపు ఒక కుటుంబం ఉందనుకుందాం. 27 ఏళ్ల అబ్బాయికి రెండేళ్లుగా నడకలో కాలి మునివేళ్లు నేలకు తగులుతున్నాయి. చెప్పు జారిపోతోంది, మెట్లెక్కేటప్పుడు బొటనవేలు అంచుకు తట్టుకుంటోంది. మొదట నడుములో డిస్కు అన్నారు, ఎమ్మారై తీశారు. చిన్న ఉబ్బు కనిపించింది, కానీ అది ఆ వయసులో చాలామందికి ఉండేదే. ఫిజియోథెరపీ చేయించినా ఫలితం లేదు. తర్వాత రెండో కాలూ మొదలైంది.

గుంటూరు జీజీహెచ్ న్యూరాలజీ ఓపీలో పరీక్షించినప్పుడు అసలు ఆధారం దొరికిందనుకుందాం. పాదాన్ని పైకెత్తే కండరం బాగా బలహీనపడింది, తొడ వెనుక కండరాలూ తగ్గాయి, తొడ ముందు కండరం మాత్రం గట్టిగానే ఉంది. చాలా కండర జబ్బుల్లో ముందు దెబ్బతినేదే తొడ ముందు కండరం. రక్తంలో సీకే అనే ఎంజైమ్ డుషెన్ వంటి తీవ్రమైన కండర జబ్బుల్లో వేలల్లోకి పోతుంది, ఇక్కడ మామూలు కంటే రెండు మూడు రెట్లే ఉంది. బయాప్సీలో కండర కణాల లోపల అంచు కట్టిన ఖాళీలు కనిపించాయి.

ఇవన్నీ కలిపి చూస్తే డాక్టరుకు తట్టే పేరు జీఎన్‌ఈ మయోపతి. ఇది రిసెసివ్ జబ్బు. సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలై, నెమ్మదిగా పెరిగి, చాలామందిని 10, 20 ఏళ్లలో వీల్‌చెయిర్ దాకా తీసుకెళ్తుంది. జీఎన్‌ఈ అనేది తొమ్మిదో క్రోమోజోమ్ మీది జన్యువు. శరీరంలో సియాలిక్ ఆమ్లం (కణాల పైపొర మీద ఉండే ఒక రకం చక్కెర) తయారీలో మొదటి మెట్లు నడిపే ఎంజైమ్‌ను అదే తయారుచేస్తుంది.

"మీది మేనరికమా?" అన్న ప్రశ్న సరిపోదు

ల్యాబ్‌కు రక్తం పంపడానికి ముందు చేసే పనికి ఖర్చు లేదు, పరికరాలు అక్కర్లేదు. అయినా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఆ పని పెడిగ్రీ చార్టు, అంటే వంశవృక్షం, గీయడం. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బు ఉన్నవారికి నలుపు నింపుతారు, చుట్టరికంలో పెళ్లయితే రెండు గీతలు గీస్తారు. కనీసం మూడు తరాలు వేయాలి.

"మీ అమ్మానాన్నలది మేనరికమా?" అని అడిగితే "కాదండీ, బయటి సంబంధమే" అంటారు. అది నిజమే. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకోలేదు. కానీ "మీ అమ్మమ్మ పుట్టిల్లు ఎక్కడ? మీ నానమ్మది?" అని అడిగితే ఇద్దరిదీ ఒకే ఊరు అని తేలుతుంది. ఇంకాస్త అడిగితే ఇద్దరూ పెదనాన్న, చిన్నాన్న బిడ్డలని బయటపడుతుంది. చుట్టరికం లేదన్న కుటుంబంలో చుట్టరికం ఇలా దొరుకుతుంది. అందుకే అనుభవం ఉన్న కౌన్సెలర్లు పెళ్లి గురించి కాకుండా పుట్టిళ్ల గురించి, ఊళ్ల గురించి అడుగుతారు.

దత్తత కూడా అంతే. పిల్లలు లేని అక్కకు చెల్లెలు తన బిడ్డను పెంపకానికివ్వడం మన దగ్గర మామూలు. ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా పెంచినవారినే అమ్మానాన్నలుగా చెబుతాడు. చార్టులోనూ అలాగే పడుతుంది. తర్వాత తల్లిదండ్రుల రక్తం పరీక్షించినప్పుడు ఏదీ కలవదు. అప్పుడు ఇంట్లో ఇన్నేళ్లూ దాచుకున్న విషయం ల్యాబ్ కాగితం ద్వారా బయటపడే ప్రమాదం ఉంటుంది. దీన్ని రక్తం తీయకముందే మర్యాదగా, ఒంటరిగా అడిగి తెలుసుకోవాలి.

చార్టుతోపాటు ల్యాబ్‌కు వెళ్లే రెండో కాగితం రోగ లక్షణాల వివరణ. "కండర బలహీనత, ఎక్సోమ్ చేయండి" అని ఒక్క ముక్క రాసి పంపితే ల్యాబ్‌లో విశ్లేషకుడి ముందు వందల జన్యువులుంటాయి. "27 ఏళ్లు, పాదం పైకెత్తలేకపోవడం, తొడ ముందు కండరం బాగుంది, సీకే మూడు రెట్లు, అంచు కట్టిన ఖాళీలు" అని రాస్తే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మిగులుతాయి. డీఎన్ఏ అదే, యంత్రం అదే అయినా ఈ ఒక్క కాగితంతో ఫలితం మారిపోవడం ఈ రంగంలో తరచూ చూసేదే.

జన్యువును మొదట ఎలా కనిపెట్టారు?

ఈ జబ్బును 1981లో జపాన్‌లో నొనాకా బృందం వర్ణించింది. 1984లో ఇజ్రాయెల్‌లో ఆర్గోవ్, యారోమ్ అనే వైద్యులు ఇరాన్ మూలాలున్న యూదు కుటుంబాల్లో తొడ కండరాన్ని వదిలేసే కండర జబ్బును గుర్తించారు. రెండూ వేర్వేరు జబ్బులనే అప్పట్లో అనుకున్నారు.

మానవ జీనోమ్ అప్పటికి చదవలేదు. కాబట్టి పరిశోధకులు లింకేజ్ పద్ధతి పట్టుకున్నారు. ఒక కుటుంబంలో జబ్బు ఉన్నవారందరికీ ఉమ్మడిగా వచ్చి, లేనివారికి ఆ రూపంలో రాని డీఎన్ఏ ముక్క ఏదో వెతకడం ఈ పద్ధతి. ఆ పోలిక యాదృచ్ఛికం కాదనడానికి లాడ్ స్కోర్ అనే కొలత ఉంది. అది 3 దాటితే సంబంధం ఉందనే వాదనకు, లేదనే వాదన కంటే వెయ్యి రెట్లు బలం ఉన్నట్టు. అలా 1996లో తొమ్మిదో క్రోమోజోమ్ దాకా వచ్చారు. ఆ ముక్కలోని జన్యువులను ఒక్కొక్కటే చదివి 2001లో జీఎన్‌ఈని పట్టుకున్నారు. ఆ వెంటనే జపాన్ రోగుల్లోనూ అదే జన్యువు చెడిందని తేలడంతో రెండు జబ్బులూ ఒకటైపోయాయి.

చుట్టరికపు పెళ్లిళ్లున్న కుటుంబాల కోసం ఇంకో పదునైన పద్ధతి ఉంది. హోమోజైగాసిటీ మ్యాపింగ్ అనే ఆ ఆలోచనను లాండర్, బోట్‌స్టీన్ 1987లో ప్రతిపాదించారు. మేనమామ, మేనకోడలు దంపతులైతే వారి బిడ్డ డీఎన్ఏలో సగటున 12.5 శాతం రెండు కాపీల్లోనూ అచ్చం ఒకేలా ఉంటుంది, మేనత్త మేనమామ బిడ్డలైతే 6.25 శాతం. రిసెసివ్ జబ్బుకు కారణమైన మార్పు చాలావరకు ఆ ఒకేలా ఉన్న ముక్కల్లోనే ఉంటుంది కాబట్టి, వెతకాల్సిన చోటు పదో వంతుకు తగ్గిపోతుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతపు కుటుంబాలు జన్యు పరిశోధనకు అంత విలువైనవి కావడానికి కారణం ఇదే.

పాతిక వేల తేడాల నుంచి ఒకటి రెండుకు

ఇప్పుడు మన ఉదాహరణకు వద్దాం. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో 3, 4 మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. ఆకుపచ్చ మూత ట్యూబులో హెపారిన్ ఉంటుంది, అది డీఎన్ఏను పెంచే ప్రక్రియకు అడ్డుపడుతుంది కాబట్టి వాడరు. నమూనాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ల్యాబ్‌లకు కొరియర్‌లో వెళ్తాయి. బెజవాడ మే నెల ఎండలో ఐస్‌ప్యాక్ లేని పెట్టె దారిలో ఒక రోజు ఆగిందంటే డీఎన్ఏ ముక్కలైపోవచ్చు. ట్యూబును ఐస్‌ప్యాక్‌కు నేరుగా ఆనించి పెడితే రక్తం మంచులా గడ్డకట్టి కణాలు పగిలిపోతాయి, మధ్యలో దూదో గుడ్డో ఉండాలి. ఇంకో చిక్కు పేర్లతో వస్తుంది. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, అన్నదమ్ములిద్దరి పేర్లూ 'వెంకట' తోనే మొదలు. ట్యూబు మీది స్టిక్కరులో అంతవరకే పడితే ఎవరిది ఏదో తెలియదు. రోగి స్థానంలో ఆరోగ్యంగా ఉన్న తమ్ముడి డీఎన్ఏ చదివితే వచ్చే రిపోర్టు పైకి ఏ లోపమూ లేకుండా కనిపిస్తుంది, అందుకే ఈ పొరపాటును పట్టుకోవడం కష్టం.

ల్యాబ్‌లో డీఎన్ఏను ముక్కలు చేసి, ఎక్సోమ్ భాగాలను మాత్రం పట్టుకుని, ఒక్కో చోటును సగటున 80 నుంచి 100 సార్లు చదువుతారు. కంప్యూటరు ఆ ముక్కలను ప్రామాణిక జీనోమ్ పక్కన పేర్చి తేడాలను రాస్తుంది. ఎక్సోమ్‌లో అవి 20 నుంచి 25 వేల దాకా వస్తాయి. అక్కడి నుంచి వడపోత మొదలవుతుంది.

దాదాపు సగం తేడాలు ప్రొటీన్‌ను మార్చవు, వాటిని పక్కన పెడతారు. మిగిలిన వాటిలో జనాభాలో ఒక శాతం కంటే ఎక్కువ మందిలో కనిపించేవి అరుదైన జబ్బుకు కారణం కాలేవు, అవీ పోతాయి. కొన్ని వందలు మిగులుతాయి. జబ్బు రిసెసివ్ అనుకుంటే ఒకే జన్యువులో రెండు కాపీలూ దెబ్బతిన్నవి కావాలి, అలాంటివి పదీ పదిహేనే ఉంటాయి. వాటిని రోగి లక్షణాలతో పోల్చి చూస్తారు. లక్షణాల కాగితం అక్కరకొచ్చేది ఇక్కడే.

మన అబ్బాయి రిపోర్టులో జీఎన్‌ఈ జన్యువు కనిపించింది. ప్రొటీన్‌లో 727వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట మిథియోనిన్ అనే ఇంకొకటి ఉంది. ఇది భారతీయ రోగుల్లో తరచుగా కనిపించే మార్పు, జబ్బు కలిగించేదిగా ఇప్పటికే నిర్ధారణ అయింది. కానీ పక్క గడిలో 'హెటిరోజైగస్' అని ఉంది. అంటే ఒక్క కాపీలోనే ఉందన్నమాట. రిసెసివ్ జబ్బుకు రెండు కావాలి కదా!

రెండోది ఎక్కడ పోయింది?

ఇలాంటి చోట చాలా రిపోర్టులు "క్యారియర్ కావచ్చు, వైద్యుడిని సంప్రదించండి" అని ఆగిపోతాయి. లక్షణాలు అంత స్పష్టంగా సరిపోతున్నప్పుడు అక్కడ ఆగిపోవడం తప్పు.

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలోకి చెయ్యి పెట్టి కాయ నాణ్యత చూడటం ఒక పని, లారీలో బస్తాలు లెక్కపెట్టడం ఇంకో పని. ఎక్సోమ్ బాగా చేసేది మొదటిదే. ఒక జన్యువులో కొంత భాగం ఒక కాపీ నుంచి పూర్తిగా ఎగిరిపోతే, రెండో కాపీలోని అదే భాగం చక్కగా చదవబడుతుంది. చదివిన అక్షరాల్లో తప్పేమీ కనిపించదు. ఎన్నిసార్లు చదివామన్న లెక్క సగానికి తగ్గిందా అని ప్రత్యేకంగా చూస్తేనే బయటపడుతుంది.

జీఎన్‌ఈ విషయంలో ఇంకో చిక్కుంది. జన్యువును 'ఆన్' చేసే ప్రమోటర్ అనే భాగం దాని ముందు ఉంటుంది. అది ప్రొటీన్‌గా మారదు కాబట్టి ఎక్సోమ్ దాన్ని పట్టుకోదు. ఆ ప్రమోటర్ ప్రాంతంలోనే కొంత డీఎన్ఏ ఊడిపోయిన రోగులను 2017 నుంచి గుర్తిస్తున్నారు, వారిలో భారత ఉపఖండం వారూ ఉన్నారు. ఎక్సోమ్‌లో ఒక్క మార్పే దొరికిన పలువురికి రెండో కారణం ఇదేనని తేలింది. దీన్ని పట్టుకోవడానికి మొత్తం జీనోమ్ చదవాలి, లేదా ఆ ముక్క కోసమే తయారుచేసిన పరీక్ష చేయాలి.

ఎక్సోమ్‌కు అందని జబ్బులు ఇంకా ఉన్నాయి. నడక తూలిపోయే ఫ్రీడ్రైక్ అటాక్సియాలో జీఏఏ అనే మూడక్షరాలు వందల సార్లు పునరావృతమవుతాయి, అదీ ప్రొటీన్‌గా మారని భాగంలో. కండరాలు క్షీణించే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీలో ఎస్ఎంఎన్1 జన్యువు పక్కనే దాని నకలులాంటి ఎస్ఎంఎన్2 ఉంటుంది, చిన్న చిన్న ముక్కలుగా చదివే పద్ధతి రెండింటినీ కలిపేస్తుంది. డుషెన్‌లో 79 ఎక్సాన్లు (ప్రొటీన్ సమాచారం ఉండే ముక్కలు) ఉన్న పెద్ద జన్యువులో ముక్కలు ఊడిపోవడమే ఎక్కువ. అందుకే ఈ రెండింటికీ ముందు ఎంఎల్‌పీఏ అనే లెక్కపెట్టే పరీక్ష చేస్తారు. "ఎక్సోమ్ నెగెటివ్" అన్నంత మాత్రాన జబ్బు వంశపారంపర్యం కాదని అర్థం చేసుకోకూడదు. చాలా అధ్యయనాల్లో ఎక్సోమ్‌తో కారణం దొరికేది 25 నుంచి 50 శాతం మందికే.

అయితే నేరుగా మొత్తం జీనోమే చదివేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. రెండుసార్లు ఖర్చు, రెండుసార్లు ఎదురుచూపు తప్పుతాయన్నది వారి వాదన. అటువైపు వారేమంటారంటే, ఎక్సోమ్ బయటి తేడాల్లో అత్యధిక భాగానికి అర్థం చెప్పే జ్ఞానం ఇంకా లేదు, ముందే లక్షలాది తేడాలు తెచ్చుకుంటే అనిశ్చితే పెరుగుతుంది. లక్షణాలు ఒక జన్యువు వైపు గట్టిగా చూపుతుంటే, ఆ జన్యువుకు మాత్రమే లోతైన పరీక్ష చేయడం రెండింటికంటే తెలివైన దారి అని మా అభిప్రాయం.

మన ఉదాహరణలో ప్రమోటర్ లోపం దొరికిందనుకుందాం. పని ఇంకా పూర్తికాలేదు. రెండు మార్పులూ ఒకే కాపీ మీద ఉంటే రెండో కాపీ బాగున్నట్టే, జబ్బుకు వివరణ దొరకనట్టే. తల్లిదండ్రుల రక్తం పరీక్షిస్తేనే ఇది తేలుతుంది. వాలీన్ మార్పు అమ్మలో, ప్రమోటర్ లోపం నాన్నలో కనిపిస్తే చెరో కాపీ మీద ఉన్నట్టు, కారణం దొరికినట్టు. రెండూ అమ్మలోనే ఉంటే మళ్లీ మొదటికి రావాలి. "పెద్దవాళ్లకెందుకు పరీక్ష, డబ్బు దండగ" అని తల్లిదండ్రుల నమూనాలు ఇవ్వని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ రెండు ట్యూబులు లేక ఎన్నో రిపోర్టులు సగంలో ఆగిపోతున్నాయి.

వీయూఎస్: తెలియదని చెప్పడం

అమెరికాలోని జన్యు వైద్యుల సంస్థ ఏసీఎంజీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి మార్పునూ ఐదు వర్గాల్లో ఒకదాంట్లో వేస్తారు. అవి జబ్బు కలిగించేది, బహుశా కలిగించేది, అర్థం తేలనిది, బహుశా హాని లేనిది, హాని లేనిది. మధ్యలో ఉన్న అర్థం తేలనిదాన్నే వీయూఎస్ అంటారు.

ఒక మార్పు ప్రపంచవ్యాప్తంగా సేకరించిన జీనోమ్ డేటాలో ఎక్కడా లేదంటే అది అనుమానించదగ్గదే. కానీ ఆ డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాల వారిది. మన జిల్లాల్లో వందలాది మందిలో నిరపాయంగా ఉన్న తేడా కూడా ఆ డేటాలో లేకపోతే అనుమానాస్పదంగా కనిపిస్తుంది. 1,029 మంది భారతీయుల జీనోమ్‌లు చదివిన ఇండిజెన్ ప్రాజెక్టులో దొరికిన దాదాపు 5.6 కోట్ల తేడాల్లో దాదాపు మూడో వంతు అప్పటి ప్రపంచ డేటాలో లేనివే. 2020లో మొదలైన జీనోమ్‌ఇండియా 10 వేల జీనోమ్‌ల చదువు పూర్తయిందని 2024లో ప్రకటించారు. ఇలాంటి డేటా పెరిగే కొద్దీ మన రిపోర్టుల్లో వీయూఎస్‌లు అటో ఇటో తేలుతాయి.

వీయూఎస్‌లను రిపోర్టులో రాయాలా వద్దా అన్నదానిపై నిపుణుల్లోనే భేదాభిప్రాయం ఉంది. రాయకూడదనేవారి భయం నిరాధారమైంది కాదు. ఆ మూడక్షరాలు చూసి పెళ్లి సంబంధాలు వదులుకున్నా, గర్భం విషయంలో నిర్ణయాలు తీసుకున్నా ఆ నష్టాన్ని వెనక్కి తీసుకోలేరు. రాయాలనేవారు ఇంకో సంగతి చూపుతారు. పేపర్ మీద లేకపోతే రెండేళ్ల తర్వాత కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకునేదెవరు? రోగి లక్షణాలతో సరిపోయే జన్యువులోనివి మాత్రమే రాసి, వాటి ఆధారంగా నిర్ణయాలు తీసుకోకూడదని కౌన్సెలింగ్‌లో మాటల్లో చెప్పడం మధ్యేమార్గంగా చాలామంది పాటిస్తున్నారు.

తప్పంతా మేనరికానిదేనా?

బిడ్డకు అరుదైన జబ్బు అనగానే మన దగ్గర అందరి చూపూ పెళ్లి మీదకే పోతుంది. లెక్క వేసి చూద్దాం. ఒక రిసెసివ్ జబ్బుకు ప్రతి 50 మందిలో ఒకరు క్యారియర్ అనుకుందాం. చుట్టరికం లేని దంపతుల బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం 10 వేలకు 1. మేనత్త మేనమామ బిడ్డల పెళ్లయితే 10 వేలకు 7. మేనమామ, మేనకోడలు అయితే 13.

ఇప్పుడు ఇంకా అరుదైన జబ్బు తీసుకుందాం, 500 మందిలో ఒకరు క్యారియర్. బయటి సంబంధంలో 10 లక్షలకు 1, మేనబావతో 63, మేనమామతో 126. జబ్బు ఎంత అరుదైతే మేనరికం బరువు అంత పెరుగుతుంది. అయినా మొత్తం మీద చూస్తే, ఏ దంపతులకైనా పుట్టుకతో పెద్ద లోపంతో బిడ్డ పుట్టే అవకాశం 2, 3 శాతం ఉంటుంది. మేనబావ వరస పెళ్లిలో అది ఇంకో 2, 3 శాతం దాకా పెరుగుతుంది. అంటే నూటికి 90 మందికి పైగా ఆరోగ్యంగానే పుడతారు. కుటుంబంలో తెలిసిన జబ్బు ఉంటే మాత్రం ఈ సగటు వర్తించదు, లెక్క విడిగా వేయాలి.

మేనరికం మానేస్తే సరిపోతుందా అన్న ప్రశ్నకు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనం ఇంకో కోణం చూపింది. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా జన్యు సమాచారం చూస్తే, 81 సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచి విస్తరించి, తర్వాత తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినట్టు తేలింది. ఆ ప్రభావం, ఇలాంటి చరిత్రకు పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజల్లో కంటే బలంగా ఉంది. వీటిలో 14 సమూహాల జనాభా 10 లక్షలు దాటింది. అలాంటి సమూహంలో చుట్టరికం బొత్తిగా లేని ఇద్దరు పెళ్లి చేసుకున్నా, ఎన్నో తరాల కిందటి ఒకే పూర్వీకుడి మార్పు ఇద్దరిలోనూ ఉండొచ్చు.

మనకు దగ్గరి ఉదాహరణ ఆర్యవైశ్యుల్లో కనిపించే బ్యూటిరిల్‌కొలీనెస్టెరేజ్ లోపం. ఈ లోపం ఉన్నా రోజువారీ జీవితంలో ఏమీ తెలియదు. ఆపరేషన్ థియేటర్లో సక్సినైల్‌కొలీన్ అనే కండరాలు సడలించే మందు ఇచ్చినప్పుడు మాత్రం, కొన్ని నిమిషాల్లో తగ్గాల్సిన ప్రభావం గంటల తరబడి ఉండి, అంతసేపూ వెంటిలేటర్ అవసరమవుతుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, అంతటితో సమస్య తీరిపోతుంది. దీన్ని ఏ ఒక్క వర్గానికీ మచ్చగా చూడనవసరం లేదు. ప్రతి సమూహానికీ తనవైన మార్పులు కొన్ని ఉంటాయి. వీరి విషయంలో పరిశోధన జరిగింది కాబట్టి తెలిసింది, మిగతావారి సంగతి చాలావరకు ఇంకా వెతకాల్సే ఉంది.

చెల్లెలి పెళ్లి మాట

ఉదాహరణ కుటుంబంలో అబ్బాయికి 30 ఏళ్లు దాటిన అక్క ఉంది, పరీక్షలో కండరాలన్నీ బాగున్నాయి అనుకుందాం. 20 ఏళ్ల చెల్లెలికి మేనమామతో పెళ్లి అనుకుంటున్నారు.

రిసెసివ్ జబ్బు రోగికి ఆరోగ్యవంతులైన తోబుట్టువులు క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు. అమ్మ క్యారియర్ అని తేలింది కాబట్టి ఆమె తమ్ముడైన మేనమామ కూడా క్యారియర్ అయ్యే అవకాశం సగం. ఇద్దరూ క్యారియర్లయితే బిడ్డకు రెండు చెడు కాపీలూ చేరే అవకాశం పావు వంతు. మూడూ గుణిస్తే పన్నెండింట ఒకటి. అదే మేనత్త కొడుకుతో అయితే నాన్నవైపు మార్పు మేనత్తకు ఉండే అవకాశం సగం, ఆమె కొడుక్కి అందే అవకాశం పావు, కాబట్టి ఇరవైనాలుగింట ఒకటి. బయటి సంబంధంలో వరుడు క్యారియర్ అయ్యే అవకాశం 200కు ఒకటి అనుకుంటే 1,200కు ఒకటి.

కానీ ఈ లెక్కలో ఒక లొసుగుంది. ఈ జబ్బు 20 ఏళ్లు దాటాక మొదలవుతుంది. ఇప్పుడు బాగున్న చెల్లెలు 'ఆరోగ్యవంతురాలు' అని ఇప్పుడే చెప్పలేం, ఆమెకే రెండు మార్పులూ ఉండే అవకాశం పావు వంతు ఉంది. దాన్ని కలిపితే మేనమామతో పెళ్లిలో పన్నెండింట ఒకటి ఎనిమిదింట ఒకటి అవుతుంది. మరి ఆమెకు పరీక్ష చేయాలా? పెళ్లి కోసం పరీక్ష చేయిస్తే, తనకు రాబోయే జబ్బు సంగతి తను సిద్ధంగా లేకుండానే తెలిసిపోవచ్చు. ఆమె మేజర్ కాబట్టి నిర్ణయం ఆమెదే, అన్నదో తండ్రిదో కాదు. 18 ఏళ్లు నిండనివారికి, పెద్దయ్యాక మొదలయ్యే ఇలాంటి జబ్బుల పరీక్ష వాయిదా వేయాలన్నది జన్యు వైద్యుల్లో విస్తృతంగా ఒప్పుకున్న పద్ధతి. మేనమామకు మాత్రం ముందుగా పరీక్ష చేయడంలో ఈ చిక్కు పెద్దగా లేదు. ఆయనలో వాలీన్ మార్పు లేదని తేలితే పన్నెండింట ఒకటి అన్న లెక్క చాలా కిందికి పడిపోతుంది, చెల్లెలిని పరీక్షించాల్సిన తొందరా పోతుంది.

కారణం తెలిశాక

సియాలిక్ ఆమ్లం లోటే కారణమైతే దాన్ని మాత్రగా ఇస్తే చాలని మొదట అనుకున్నారు. నెమ్మదిగా విడుదలయ్యే సియాలిక్ ఆమ్లంతో జరిగిన మూడో దశ ట్రయల్ 2017లో అనుకున్న ఫలితం చూపలేదు. జపాన్‌లో మాత్రం మరిన్ని ట్రయల్స్ తర్వాత 2024లో అదే రకం మందుకు అనుమతి ఇచ్చారు. జన్యు చికిత్స మీద పని సాగుతోంది. అలాంటి ట్రయల్ ఏదొచ్చినా చేరడానికి మొదట అడిగేది రెండు కాపీల్లోనూ మార్పు నిర్ధారణ అయిన రిపోర్టే. ఒక్క మార్పు దగ్గర ఆగిపోయిన రిపోర్టుతో ఆ తలుపు తెరుచుకోదు.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో తెలుగువారికి దగ్గరిది హైదరాబాద్‌లో డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి నడిపేది. జాబితాలోని జబ్బులకు ఈ విధానం కింద 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. అయితే ఆ డబ్బు చికిత్స ఉన్న జబ్బులకే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఏ కారణమూ దొరకనివారి డేటా వృథా కాదు. యంత్రం చదివిన ముడి ఫైళ్లు, అంటే ఫాస్ట్‌క్యూ లేదా బ్యామ్ రూపంలో ఉన్నవి, కుటుంబం అడిగితే ల్యాబ్‌లు సాధారణంగా ఇస్తాయి. ఏటా కొత్త జన్యువులు జబ్బులతో ముడిపడుతున్నాయి కాబట్టి, ఒకటి రెండేళ్ల తర్వాత అవే ఫైళ్లను మళ్లీ విశ్లేషిస్తే, మళ్లీ రక్తం తీయకుండానే, అంతకుముందు నెగెటివ్ వచ్చినవారిలో కొందరికి జవాబు దొరుకుతోంది. చాలా ల్యాబ్‌లు ఆ ఫైళ్లను కొంతకాలమే దాచుతాయి. ఆ గడువు ఎంతన్నది రిపోర్టు చివరి పేజీలోనో, రక్తం ఇచ్చేటప్పుడు సంతకం పెట్టిన అంగీకార పత్రంలోనో రాసి ఉంటుంది.